నామం కోరే విభక్తి: ఇంగ్లీషు ప్రిపోజిషన్ల తెలుగు సమీకరణాలు – విమర్శ

వ్యాససంగ్రహం

ఇంగ్లీషు ప్రిపోజిషన్లకు తెలుగు విభక్తులను ఒకటికొకటిగా జతచేసి బోధించే పద్ధతి మన పాఠ్యవ్యాకరణాలలో చాలాకాలంగా ఉంది. ఇంగ్లీషులో నామమూ ప్రిపోజిషనూ కలిసే తీరును ఈ పద్ధతి వివరించలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ప్రిపోజిషన్‌ను ఎన్నుకొనేది దానికి ముందున్న నామం. తెలుగులో విభక్తిని ఎన్నుకొనేది దానికి తరువాత వచ్చే నామం. ఈ సామ్యాన్ని గుర్తించకపోవడం వల్ల విద్యార్థి ఇంగ్లీషుకూ అనువాదకుని తెలుగుకూ నష్టం కలుగుతున్నది. పరిశోధన శీర్షికల భాషలోనూ ఆ నష్టం కనిపిస్తుంది. నామాల విభక్త్యాకాంక్షను నిఘంటువులలో నమోదు చేయవలసిన అవసరాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: నామం, ప్రిపోజిషన్, విభక్తి, ఆకాంక్ష, ఉపపదవిభక్తి, అనువాదం, నిఘంటు నిర్మాణం.

1. ఉపోద్ఘాతం

'ఆఫ్' అంటే 'యొక్క', 'ఇన్' అంటే 'లో', 'ఆన్' అంటే 'మీద', 'ఫర్' అంటే 'కొరకు', 'టు' అంటే 'కు', 'విత్' అంటే 'తో'. తెలుగు మాధ్యమంలో చదివిన వారిలో ఈ పట్టికను కంఠస్థం చేయనివారు అరుదు. ఇంగ్లీషుకు తొలి మెట్టుగా దీనికి కొంత ప్రయోజనం ఉంది. పెట్టెలో పుస్తకం, బల్ల మీద దీపం వంటి స్థలవాచక ప్రయోగాలలో ఇది దాదాపుగా పనిచేస్తుంది. పెట్టె, బల్ల వంటి వస్తువులను వదలి కారణం, కోరిక, భయం, నమ్మకం, ప్రభావం వంటి భావవాచక నామాలకు రాగానే పట్టిక చెదరిపోతుంది. కళాశాల స్థాయి చదువంతా భావవాచక నామాలతోనే నడుస్తుంది. కనుక పట్టిక విఫలమయ్యే చోటు విద్యార్థికి అత్యంత అవసరమైన చోటే.

అనువాదప్రాయమైన తెలుగును విమర్శించేవారు సాధారణంగా 'యొక్క'ను వేలెత్తి చూపుతారు. ఆ విమర్శ సరైనదే. కాని 'యొక్క' ఒక లక్షణం మాత్రమే, వ్యాధి వేరే ఉంది. సంబంధాన్ని ప్రత్యయమే మోస్తుందని, నామానికి అందులో పాత్ర లేదని భావించడమే ఆ వ్యాధి.

2. పట్టికకు పరీక్ష

'ఫర్'ను తీసుకొందాం. పట్టిక ప్రకారం దానికి 'కొరకు' రావాలి. ఈ ప్రిపోజిషన్‌ను కోరే ఏడు ఇంగ్లీషు నామాలను తెలుగులో చెప్పి చూస్తే ఫలితం ఇలా ఉంటుంది.

'రీజన్ ఫర్' – ఆలస్యానికి కారణం.
'క్యూర్ ఫర్' – జ్వరానికి మందు.
'లవ్ ఫర్' – పిల్లల మీద ప్రేమ.
'రెస్పెక్ట్ ఫర్' – గురువంటే గౌరవం, గురువు పట్ల గౌరవం.
'నీడ్ ఫర్' – సంస్కరణల అవసరం.
'డిమాండ్ ఫర్' – బియ్యానికి గిరాకీ, జీతాలు పెంచాలనే డిమాండ్.
'సెర్చ్ ఫర్' – ఉద్యోగం కోసం వెతుకులాట.

ఏడింటిలో 'కోసం' వచ్చినది చివరిదానికి మాత్రమే. మిగిలినవాటిలో 'కు', 'మీద', 'పట్ల', 'అంటే', ప్రత్యయం లేని సంబంధరూపం, 'అనే'తో ముగిసే ఉపవాక్యం కనిపిస్తున్నాయి. వీటిలో 'అంటే', 'అనే' అనేవి విభక్తి ప్రత్యయాలు కావు. అవి 'అను' ధాతువు రూపాలు. పట్టిక ఎంత పెద్దదైనా వాటికి అందులో చోటు ఉండదు.

ఇప్పుడు తెలుగు వైపు నుంచి చూద్దాం. 'మీద'ను కోరే తెలుగు నామాలకు ఇంగ్లీషులో ఏ ప్రిపోజిషన్ వస్తుంది? శత్రువు మీద దాడికి 'ఎటాక్ ఆన్', శత్రువు మీద విజయానికి 'విక్టరీ ఓవర్', స్నేహితుని మీద నమ్మకానికి 'ట్రస్ట్ ఇన్', అధికారి మీద ఫిర్యాదుకు 'కంప్లెయింట్ అగెనెస్ట్', సాక్షి మీద అనుమానానికి 'డౌట్ ఎబౌట్', అన్యాయం మీద కోపానికి 'యాంగర్ ఎట్', పిల్లల మీద ప్రేమకు 'లవ్ ఫర్' వస్తాయి. ఒక 'మీద'కు ఏడు ప్రిపోజిషన్లు సమాధానం చెబుతున్నాయి. పట్టికను నమ్మి వీటన్నింటికీ 'ఆన్' వాడిన విద్యార్థి ఒక్కచోట మాత్రమే నెగ్గుతాడు.

అంతకంటె సూక్ష్మమైన ఉదాహరణ 'కారణం'. తెలుగులో ఒక్క మాటగా ఉన్న దీనికి ఇంగ్లీషులో 'కాజ్', 'రీజన్' అనే రెండు నామాలు ఉన్నాయి. మొదటిది 'ఆఫ్'ను కోరుతుంది, రెండవది 'ఫర్'ను కోరుతుంది. అగ్నిప్రమాదానికి కారణం చెప్పాలంటే 'కాజ్ ఆఫ్', ప్రమాద స్థలాన్ని ఆలస్యంగా చేరడానికి కారణం చెప్పాలంటే 'రీజన్ ఫర్'. తెలుగులో రెండుచోట్లా 'కి' ఒక్కటే. ఇక్కడ నామం మారింది, దానివల్ల ప్రిపోజిషన్ మారింది. ప్రిపోజిషన్‌కు ఉన్న అర్థాన్ని ఎంత వివరించినా ఈ భేదం బోధపడదు.

3. క్రియ నామంగా మారినప్పుడు

ఇంగ్లీషులో నామ–ప్రిపోజిషన్ బంధం స్పష్టంగా కనిపించేది క్రియకు సంబంధించిన నామాలలో. 'ఎటాక్', 'విజిట్', 'ఎంటర్', 'డిమాండ్', 'ఫియర్', 'ఎంఫసైజ్', 'డిస్కస్' అనే క్రియలు తమ కర్మను నేరుగా తీసుకొంటాయి. వాటికీ కర్మకూ మధ్య ప్రిపోజిషన్ రాదు. వాటి నామరూపాలు మాత్రం ప్రిపోజిషన్ లేకుండా కర్మను తీసుకోలేవు. అది కూడా ఒక్కొక్క నామానికి ఒక్కొక్కటి: 'ఎటాక్ ఆన్', 'విజిట్ టు', 'ఎంట్రీ ఇంటూ', 'డిమాండ్ ఫర్', 'ఫియర్ ఆఫ్', 'ఎంఫసిస్ ఆన్', 'డిస్కషన్ ఆఫ్' లేదా 'డిస్కషన్ ఎబౌట్'.

భారతీయుల ఇంగ్లీషులో తరచుగా ఎత్తిచూపే 'డిస్కస్ ఎబౌట్', 'ఎంఫసైజ్ ఆన్' వంటి దోషాలకు ఒక మూలం ఇక్కడ దొరుకుతుంది. వక్త నామానికి చెందిన ప్రిపోజిషన్‌ను క్రియకు తగిలిస్తున్నాడు. తెలుగులో 'విషయం గురించి చర్చించు' అనే వాడుక దానికి తోడవుతున్నది. దీనిని కేవలం మాతృభాషా ప్రభావమని కొట్టివేస్తే సగం విషయమే చెప్పినట్లవుతుంది. క్రియ ఒక తీరుగా, దాని నామం మరొక తీరుగా కర్మను గ్రహిస్తాయనే సూత్రం బోధనలో లోపించడం మిగిలిన సగం.

ఈ సూత్రం తెలుగు విద్యార్థికి కొత్త కాదు. తన భాషలో దానిని ప్రతినిత్యం పాటిస్తూనే ఉన్నాడు. స్నేహితుణ్ణి నమ్ముతాం, కాని స్నేహితుని మీద నమ్మకం ఉంటుంది. శత్రువును జయిస్తాం, కాని శత్రువు మీద విజయం సాధిస్తాం. గురువును గౌరవిస్తాం, కాని గురువంటే గౌరవం. ఆమె అతన్ని పెళ్లిచేసుకొంది, కాని ఆమెకు అతనితో పెళ్లయింది. క్రియ ద్వితీయను కోరిన ప్రతిచోటా నామం వేరొక దానిని కోరుతున్నది. 'స్నేహితుణ్ణి నమ్మకం' అని తెలుగు పిల్లవాడెవడూ అనడు. ఆ అంతర్జ్ఞానాన్ని ఆధారంగా చేసుకొంటే 'మ్యారీ' క్రియకు ప్రిపోజిషన్ లేకపోవడం, 'మ్యారేజ్' నామానికి 'టు' రావడం వింతగా తోచవు. పట్టిక ఆ అంతర్జ్ఞానాన్ని మేల్కొల్పడానికి బదులు దానిని పక్కకు నెడుతున్నది.

4. సంప్రదాయంలో ఉన్న ఉపకరణాలు

ఈ విషయాన్ని వివరించడానికి మన శాస్త్రసంప్రదాయంలోనే పరిభాష ఉంది. ఒక పదం తన అర్థం పూర్తికావడానికి మరొక పదాన్ని అపేక్షించడాన్ని శాబ్దబోధ చర్చలలో 'ఆకాంక్ష' అన్నారు. 'నమ్మకం' అనగానే 'ఎవరి మీద?' అనే ప్రశ్న పుడుతుంది, 'జవాబు' అనగానే 'దేనికి?' అనే ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నలోనే విభక్తి ఇమిడి ఉంది.

సంస్కృత వ్యాకరణం కారకవిభక్తిని, ఉపపదవిభక్తిని వేరుచేసింది. క్రియాసంబంధం వల్ల వచ్చేది మొదటిది, సమీపంలోని ఒక పదం కోరడం వల్ల వచ్చేది రెండవది. 'నమః' పదంతో చతుర్థి, 'సహ' పదంతో తృతీయ రావడం ఉపపదవిభక్తికి ప్రసిద్ధ ఉదాహరణలు. 'ఎటాక్'కు 'ఆన్', 'విక్టరీ'కి 'ఓవర్' రావడం ఈ రెండవ కోవకు సన్నిహితమైన వ్యవహారం. ఉపపదవిభక్తి చదువుకొన్న తెలుగు ఎం.ఎ. విద్యార్థికి ఇంగ్లీషు నామ–ప్రిపోజిషన్ బంధాన్ని వివరించడానికి వేరే సిద్ధాంతం అక్కరలేదు.

'ఆఫ్' విషయంలో మరొక సామ్యం ఉంది. కృదంతాలతో కర్తకూ కర్మకూ షష్ఠి వస్తుందని పాణిని విధించాడు. మిగిలిన విభక్తులకు అందని సంబంధమాత్రానికి కూడా షష్ఠినే చెప్పాడు. ఇంగ్లీషులో 'ఆఫ్' ఈ రెండు పనులూ చేస్తుంది. అందుకే అందులో సందిగ్ధత కూడా ఉంది. 'లవ్ ఆఫ్ గాడ్' అంటే దేవుడు చూపే ప్రేమ కావచ్చు, దేవుని మీద భక్తుని ప్రేమ కావచ్చు. మొదటిది కర్తృషష్ఠి, రెండవది కర్మషష్ఠి. తెలుగు ఈ రెంటినీ సహజంగానే విడదీస్తుంది: తల్లి ప్రేమ వేరు, తల్లి మీద ప్రేమ వేరు. 'ఆఫ్' కనిపించగానే 'యొక్క' రాసే అనువాదకుడు 'తల్లి యొక్క ప్రేమ' అని మొదటి అర్థానికే కట్టుబడిపోతాడు. మూలంలో రెండవ అర్థం ఉంటే అది అనువాదంలో నశిస్తుంది. ఇక్కడ పోయేది శైలి మాత్రమే కాదు, అర్థం.

చిన్నయసూరి బాలవ్యాకరణం విభక్తి ప్రత్యయాలను వరుసగా చెప్పి, వాటి ప్రయోగాన్ని కారక పరిచ్ఛేదంలో వివరించింది. ఆ వరుసలోని 'కూర్చి', 'గురించి', 'పట్టి' అనేవి రూపాన్ని బట్టి క్త్వార్థకాలు. 'తోడ'లో 'తోడు' అనే నామం కనిపిస్తూనే ఉంది. 'మీద', 'లోపల', 'ముందు', 'వెనుక' అనేవి నేటికీ 'మీది', 'లోపలికి', 'ముందునుంచి' అని నామాలవలె ప్రత్యయాలు తీసుకొంటాయి. తెలుగులో విభక్త్యర్థకాలు చాలావరకు స్వతంత్ర పదాలుగా పుట్టి బంధకాలుగా స్థిరపడినవే. ప్రత్యయాల వరుస పాఠశాలలో కంఠపాఠంగా మిగిలి, కారక పరిచ్ఛేదం వెనుకబడటంతో, ప్రత్యయానికి స్థిరమైన అర్థం ఒకటి ఉంటుందనే భ్రమ ఏర్పడింది. ఇంగ్లీషు ప్రిపోజిషన్ల పట్టిక ఆ భ్రమ మీదనే నిలబడింది.

పదక్రమం కూడా ఈ భ్రమకు తోడ్పడింది. ఇంగ్లీషులో కోరే నామం ముందు వస్తుంది, కోరబడే నామం చివర వస్తుంది, ప్రిపోజిషన్ నడుమ ఉంటుంది. తెలుగులో ఇది అద్దంలో ప్రతిబింబంలా తిరగబడుతుంది. 'శత్రువు మీద దాడి'లో 'మీద' అతుక్కొన్నది 'శత్రువు'కు, దానిని కోరినది 'దాడి'. పట్టిక అతుక్కొన్న పదాన్ని చూసింది, కోరిన పదాన్ని చూడలేదు.

5. ఇంగ్లీషు నిఘంటుకారులు చేసిన పని

ఇంగ్లీషు నామాల ఈ స్వభావాన్ని క్రమబద్ధంగా నమోదు చేయడానికి ప్రేరణ ఎక్కువగా పరభాషీయుల అవసరం నుంచి వచ్చింది. జపానులో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ సహరచయితలతో కలిసి రూపొందించిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. తరువాతి కాలంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి నిఘంటువుగా ప్రసిద్ధమైన గ్రంథానికి అదే మూలం. పద నమూనాలను, వాడుకను వివరించే హార్న్‌బీ గ్రంథం 1954లో వచ్చింది. 1986లో బెన్సన్ దంపతులు, ఇల్సన్ కలిసి వెలువరించిన బి.బి.ఐ. సంయోగ నిఘంటువు వ్యాకరణ సంయోగాలను వర్గీకరిస్తూ నామం–ప్రిపోజిషన్ జంటకు మొదటి స్థానం ఇచ్చింది. 'ఆఫ్' చాలా నామాలతో సామాన్యంగా వస్తుంది కనుక, ఆ జంటలను సాధారణంగా నమోదు చేయలేదు. ఊహకు అందని జంటలే నిఘంటువులో చేరాలన్నది వారి దృష్టి. పైన చెప్పిన సంబంధమాత్ర షష్ఠికీ ఈ నిర్ణయానికీ పోలిక స్పష్టం.

1998లో కోబిల్డ్ ప్రాజెక్టు నామ, విశేషణ నమూనాల గ్రంథాన్ని ప్రచురించింది. ఒకే నమూనాలో వచ్చే పదాలు అర్థంలోనూ గుంపులు కడతాయన్నది దాని ముఖ్య ప్రతిపాదన. 'ఫర్'ను కోరే నామాలలో 'డిమాండ్', 'నీడ్', 'డిజైర్', 'రిక్వెస్ట్' ఒక గుంపు. అవి ఇంకా చేతికి రాని దానివైపు చూస్తాయి. 'ఇన్'ను కోరేవాటిలో 'ఇంక్రీజ్', 'ఫాల్', 'ఛేంజ్' ఒక గుంపు, అవి మార్పును చెబుతాయి. 'ఆన్'ను కోరేవాటిలో 'ట్యాక్స్', 'బ్యాన్', 'లిమిట్' ఒక గుంపు, అవి భారాన్ని మోపుతాయి. కనుక నామాకాంక్ష పూర్తిగా యాదృచ్ఛికం కాదు. ప్రతి జంటనూ విడిగా కంఠస్థం చేయవలసిన పనీ లేదు.

ఇదే పరీక్షను తెలుగుకు అన్వయిస్తే ఫలితం ఆసక్తికరంగా ఉంటుంది. కారణం, జవాబు, మందు, సాక్ష్యం, ఉదాహరణ, హాని అనేవి 'కు'ను కోరుతాయి. పెళ్లి, స్నేహం, పరిచయం, గొడవ, ఒప్పందం అనేవి ఇద్దరి మధ్య జరిగేవి, 'తో'ను కోరుతాయి. ప్రావీణ్యం, ప్రవేశం, అనుభవం, మార్పు, తేడా అనేవి 'లో'ను కోరుతాయి. పన్ను, నిషేధం, ఆంక్ష, దాడి అనే భారవాచకాలు, కోపం, ప్రేమ, జాలి, అనుమానం అనే చిత్తవృత్తులు 'మీద'ను కోరుతాయి. భయం, ఇష్టం, అసహ్యం, గౌరవం వంటి అనుభవవాచకాలు 'అంటే'ను కోరుతాయి. అనుభవించేవానికి 'కు' వస్తుంది: నాకు పామంటే భయం. ఆశ, ఆలోచన, కోరిక, డిమాండ్ అనేవి 'అనే' ఉపవాక్యాన్ని ఇష్టపడతాయి: గెలుస్తామనే ఆశ, వెళ్లాలనే ఆలోచన.

మన నిఘంటువులలో ఈ సమాచారం ఎక్కడ ఉంది? 1852 నాటి బ్రౌణ్య నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం మొదలుకొని మన నిఘంటు సంప్రదాయం అర్థానికి, భాషాభాగానికి, ప్రయోగోదాహరణకు ప్రాధాన్యం ఇచ్చింది. నామం కోరే విభక్తిని చదువరి ఉదాహరణ నుంచి ఊహించుకోవాలి. తెలుగువాడు కావ్యం చదవడానికి నిఘంటువు తెరిచిన కాలంలో అది లోపం కాదు. తెలుగును రెండవ భాషగా నేర్చేవారికి, ఇతర రాష్ట్రాలలోనూ విదేశాలలోనూ పెరుగుతున్న తెలుగు పిల్లలకు, యంత్రానువాదానికి సామగ్రి సిద్ధం చేసేవారికి మాత్రం అది నేడు పెద్ద లోటు.

6. పరిశోధన భాషలో పరిణామం

నామాకాంక్షను విస్మరించడం వల్ల కలిగే ఫలితం పరిశోధకులమైన మన శీర్షికలలోనే కనిపిస్తుంది. ఫలానా 'నవలపై పరిశీలన', ఫలానా 'కథలపై అధ్యయనం' అనే తీరు ప్రబలింది. నవలను పరిశీలిస్తాం, కథలను అధ్యయనం చేస్తాం. నామరూపంలో 'నవల పరిశీలన', 'కథల అధ్యయనం' అంటే చాలు. 'పై' ఇక్కడ ఇంగ్లీషు 'ఆన్'కు నీడ. ఇంగ్లీషులోనైనా 'స్టడీ' నామంతో 'ఆఫ్' స్థిరంగా వాడుకలో ఉంది.

'విమర్శ' విషయంలో ఈ భేదం మరింత ముఖ్యం. 'కావ్యవిమర్శ' అంటే కావ్యగుణదోషాల వివేచన. 'కావ్యం మీద విమర్శ' అంటే, వాడుకలో, ఆ కావ్యానికి ఎదురుగా వచ్చిన ఆక్షేపణ. శీర్షికలో 'పై' చేరగానే వివేచన కాస్తా ఆక్షేపణగా ధ్వనించే అవకాశం ఉంది. ప్రస్తుత వ్యాసం ఉపశీర్షికలో 'సమీకరణాలపై విమర్శ' అనకుండా ఉండటానికి ఇదే కారణం.

అన్ని 'పై'లూ, అన్ని 'లో'లూ పరభాషా ఛాయలని దీని అర్థం కాదు. 'ప్రభావం' అనే నామానికి రెండు ఆకాంక్షలు ఉన్నాయి: ఎవరిది, దేని మీద. 'నన్నయపై వ్యాసభారత ప్రభావం' అన్నప్పుడు 'పై' సహజం. 'పాత్ర'కూ అంతే: 'గ్రంథాలయోద్యమంలో పత్రికల పాత్ర' అనడంలో 'లో' నిర్దుష్టం. ఇంగ్లీషు క్రమాన్ని పట్టుకొని 'వ్యాసభారతం యొక్క ప్రభావం నన్నయపై' అన్నప్పుడు మాత్రం నామం తనను ఆశ్రయించిన పదాలకు దూరమవుతుంది. అలాగే 'ప్రవర్తనలో మార్పు' తెలుగే. 'ధరలలో పెరుగుదల' మాత్రం 'ఇంక్రీజ్ ఇన్' వెంట వచ్చినది. 'ధరల పెరుగుదల' అన్నా అర్థానికి లోపం లేదు. 'సంగీతంలో ప్రావీణ్యం' సహజం. 'సంగీతంలో ఆసక్తి' 'ఇంట్రెస్ట్ ఇన్' ఛాయ. మన నామం 'సంగీతం మీద ఆసక్తి' అని, 'సంగీతమంటే ఆసక్తి' అని అడుగుతుంది. ఏది గ్రాహ్యమో ఏది త్యాజ్యమో తేల్చవలసింది ప్రత్యయాన్ని చూసి కాదు, నామాన్ని చూసి.

ఈ అలవాటు వల్ల ఎక్కువగా దెబ్బతింటున్నది 'అంటే', 'అనే' నిర్మాణాలు. ఏ ఇంగ్లీషు ప్రిపోజిషన్‌కూ ఇవి సమానార్థకాలుగా పట్టికలో లేవు కనుక అనువాదకుని చేతికి ఇవి రావు. 'పాముల పట్ల భయం', 'గెలుపు యొక్క ఆశ' అని రాసేవారికి 'పామంటే భయం', 'గెలుస్తామనే ఆశ' తెలియక కాదు. ఇంగ్లీషు వాక్యం ఎదుట ఉన్నప్పుడు పట్టిక ముందుగా గుర్తుకు వస్తుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. భావవాచక నామాల విషయంలో ప్రిపోజిషన్‌కూ విభక్తికీ ఒకటికొకటి సమానత లేదు. పోల్చవలసిన ప్రమాణం 'నామం, అది కోరే బంధకం' అనే జంట.

2. క్రియ ద్వితీయను కోరినచోట దాని నామం వేరొక బంధకాన్ని కోరడం రెండు భాషలకూ ఉమ్మడి స్వభావం. ఇంగ్లీషు బోధన ఈ ఉమ్మడి స్వభావం నుంచి మొదలు కావాలి. 'నమ్ము–నమ్మకం', 'జయించు–విజయం' వంటి తెలుగు జంటలు అందుకు సిద్ధంగా ఉన్నాయి.

3. ఆకాంక్ష, ఉపపదవిభక్తి, కర్తృకర్మ షష్ఠులు అనే సంప్రదాయ భావనలు ఈ బోధనకు సరిపోతాయి. ఇంగ్లీషు శాఖ, తెలుగు శాఖ ఒకే పాఠాన్ని కలిసి చెప్పగల చోటు ఇది.

4. కొత్తగా నిర్మించే తెలుగు నిఘంటువులు భావవాచక నామం ఎదుట అది కోరే విభక్తిని, 'అంటే', 'అనే' నిర్మాణాలతో సహా, తప్పక చూపాలి. విద్యార్థులు తలా కొన్ని నామాలను తీసుకొని ప్రయోగాలు సేకరిస్తే ఈ పనికి కావలసిన తొలి సామగ్రి ఒక పిహెచ్.డి. పరిధిలోనే సమకూరుతుంది.

తెలుగు మాధ్యమ విద్యార్థి ఇంగ్లీషులో వెనుకబడడానికి అతని తెలుగే కారణమనే మాట తరచుగా వినిపిస్తుంది. నామాకాంక్ష విషయంలో అది నిలవదు. అతని తెలుగులో ఉన్న జ్ఞానాన్ని మనం ఉపయోగించుకోలేదు, దానికి బదులు ఆరు వరుసల పట్టిక ఇచ్చాం. ఆ పట్టికను తొలి తరగతులకు పరిమితం చేసి, కళాశాలలో నామం నుంచి పాఠం మొదలుపెట్టడం ఇంగ్లీషు బోధనకూ తెలుగు రచనకూ ఒకేసారి మేలు చేస్తుంది.